మొక్కజొన్నకు సంబంధం చూడటం: ఏ అవసరానికి ఎక్కడి విత్తనం

"ఎండకు తట్టుకునే హైబ్రిడ్ చేద్దామనుకుంటున్నాం సార్, మెక్సికో నుంచి నాటు రకాలు తెప్పిస్తే ఎలా ఉంటుంది?" బ్రీడింగ్‌లో పీజీ చేస్తున్న పిల్లలు, చిన్న విత్తన కంపెనీల్లో కొత్తగా చేరినవాళ్లు తరచూ ఇలా అడుగుతారు. ఎక్కువసార్లు నా జవాబు ఒకటే: ఇప్పుడే వద్దు, ముందు ఇంట్లో వెతకండి. అడిగినవాళ్ల ముఖం కాస్త చిన్నబోతుంది. మెక్సికో అన్న మాటలో ఉన్న ఊపు, సొంత కోల్డ్ స్టోరేజీలోని గోధుమరంగు కవర్లలో ఉండదు కదా.

మొక్కజొన్న బ్రీడర్‌కు విత్తనం దొరికే చోట్లు స్థూలంగా ఐదు. తన దగ్గరే ఉన్న, పరీక్షకు నిలిచిన లైన్లు (తరాల తరబడి తనలో తానే సంపర్కం చేసి స్థిరపరిచిన, హైబ్రిడ్‌కు తల్లిదండ్రులయ్యే వరసలు) మొదటివి. సిమిట్ (అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన సంస్థ) లాంటి సంస్థలు ఇచ్చే ఉష్ణమండల లైన్లు రెండోవి. తర్వాత అమెరికా వంటి చలిదేశాల లైన్లు, ఆ తర్వాత రైతుల చేతిలో తరాలుగా నడిచిన నాటు రకాలు. అందరికంటే వెనక, మొక్కజొన్నకు తాత వరసైన టియోసింటె అనే అడవి గడ్డి. ఈ వరసలో ముందుకు పోయేకొద్దీ కొత్త జన్యువులు దొరికే అవకాశం పెరుగుతుంది, ఏరి పారేయాల్సిన తాలూ పెరుగుతుంది. ఎంత దూరం వెళ్లాలో తేల్చేవి రెండు లెక్కలు: మీ హైబ్రిడ్‌లో లోపం ఏమిటి, మీ చేతిలో ఎన్ని సీజన్లున్నాయి.

అసలు బయటికి చూడటం ఎందుకు

1970లో అమెరికా మొక్కజొన్న పంటలో సుమారు 15 శాతం ఆకుమాడు తెగులుకు పోయింది. అప్పట్లో హైబ్రిడ్ విత్తనం తయారీలో ఆడ వరసల మగ పూత పీకే కూలి ఖర్చు తప్పించుకోవడానికి, పుప్పొడి రాని టెక్సాస్ సైటోప్లాజం (తల్లి నుంచే బిడ్డకు వచ్చే కణ ద్రవ్యం) అనే ఒకే తల్లి మూలాన్ని దాదాపు అన్ని కంపెనీలూ వాడేశాయి. దేశంలో 85 శాతం దాకా మొక్కజొన్న ఆ తల్లి బిడ్డే. హైబ్రిడ్ల పేర్లు వేరు, ప్యాకెట్లు వేరు, లోపలి లైన్లూ కొంత వేరే. కానీ ఆ సైటోప్లాజాన్నే పట్టే తెగులు రకం ఒకటి పుట్టేసరికి, అన్నీ ఒకే పొలంలా మాడిపోయాయి.

కాబట్టి పది హైబ్రిడ్లు అమ్ముతున్నాం, మా దగ్గర వైవిధ్యానికేం కొదవ అనే బ్రీడర్‌ని నేనడిగేది ఒక్కటే: ఆ పదింటి వెనక ఎంతమంది తల్లులున్నారు?

ఇంట్లో ఉన్నదానితో: గోత్రాల లెక్క

హైబ్రిడ్ అంటేనే సంబంధం చూడటం. మొక్కజొన్నలోనూ గోత్రాలుంటాయి, వాటినే హెటెరోటిక్ గ్రూపులంటారు. ఒకే గ్రూపు లైన్లను కలిపితే బిడ్డలో చురుకుదనం రాదు, వేరు గ్రూపులవి కలిపితే విరగ పండుతుంది. అమెరికాలో అందరికీ తెలిసిన జంట బి73, ఎంఓ17. బి73 పుట్టింది స్టిఫ్ స్టాక్ అనే గుంపు నుంచి. గట్టి కాండం ఉన్న 16 లైన్లను కలిపి 1930ల్లో అయోవాలో దాన్ని తయారు చేశారు. ఎంఓ17 వచ్చింది లాంకాస్టర్ వైపు నుంచి.

తమాషా ఏమిటంటే, ఇంత పద్ధతిగా కనబడే అమెరికా మొక్కజొన్నకు మూలం ఒక పొరపాటు. 1847లో ఇల్లినాయిలో రాబర్ట్ రీడ్ అనే రైతు తెచ్చుకున్న దక్షిణాది విత్తనం సరిగ్గా మొలవలేదు. పోగుంటలు నింపడానికి ఆయన స్థానికంగా దొరికిన గట్టి గింజ రకం వేశాడు. రెండూ కలిసిపోయాయి. ఆ కలగాపులగాన్నే కుటుంబం ఏళ్ల తరబడి ఏరుకుంటూ వస్తే రీడ్ ఎల్లో డెంట్ తయారైంది. అమెరికా మొక్కజొన్న మండలమంతా దాని వారసత్వం పరుచుకుంది. దూరపు చుట్టరికం ఎంత బలమిస్తుందో ఎవరూ ప్లాన్ చేయకుండానే తేలిపోయింది.

మీకు కావలసింది దిగుబడిలో ఏటా కొంత ముందడుగే అయితే, మంచి లైనును అదే గోత్రంలోని ఇంకో మంచి లైనుతో కలిపి (ఇది హైబ్రిడ్ కోసం కాదు, కొత్త లైన్ల కోసం), అందులోంచి వాటిని మించిన లైన్లు ఏరుకోవడం అన్నిటికన్నా తక్కువ ఖర్చు, తక్కువ ప్రమాదం. వాటి బలహీనతలు మీకు ముందే తెలుసు. టెస్టరు (లైను సత్తా తేల్చడానికి జోడీగా కలిపి చూసే లైను) ఏదో తెలుసు. విత్తనోత్పత్తిలో ఎకరాకు ఎంత వస్తుందో తెలుసు. చిన్న కంపెనీ పనిలో పెద్ద వాటా ఇక్కడే నడవాలని నా ఉద్దేశం.

ఈ దారి మూసుకుపోయేది ఒక్క సందర్భంలోనే: మీకు కావలసిన గుణం మీ లైన్లలో దేనిలోనూ లేనప్పుడు. ఆ మాట అనే ముందు నిజంగా పరీక్ష చేశారా అన్నది చూసుకోండి. బెట్టనే తీసుకుందాం. మగ పూతకూ పీచుకూ మధ్య రోజుల తేడా ఎక్కువైతే పుప్పొడి రాలేనాటికి పీచు ఉండదు, కండె బోసిపోతుంది. సిమిట్ శాస్త్రవేత్తలు మెక్సికోలో టుష్పెన్యో అనే, అక్కడి నాటు రకాల నుంచి వచ్చిన మామూలు మొక్కజొన్న గుంపునే తీసుకుని, నీరు ఆపిన మడుల్లో పెంచి, ఈ తేడా తక్కువున్న మొక్కల్ని వరసగా ఎంచుకుంటూ పోయారు. బెట్టలో దిగుబడి పెరిగింది. ఎడారి నుంచి నాటు రకమేదీ తేలేదు. గుణం ఇంట్లోనే ఉంది, నీళ్లు కట్టినన్నాళ్లూ కంటపడలేదంతే.

సిమిట్ లైన్లు: మనకు దగ్గరి చుట్టాలు

ఇంట్లో లేదని రుజువైతే నేను మొదట వెళ్లమనేది ఇక్కడికి. సిమిట్ ప్రధాన కేంద్రం మెక్సికోలోని ఎల్ బతాన్. అక్కడి జన్యు బ్యాంకులో సుమారు 28,000 మొక్కజొన్న నమూనాలున్నాయి. కానీ బ్రీడర్‌కు నేరుగా పనికొచ్చేవి ఆ నమూనాలు కావు, వాటిలోంచి ఇప్పటికే చెక్కి తీసిన సీఎంఎల్ (సిమిట్ మెయిజ్ లైన్) లైన్లు. ఆసియా కోసం సిమిట్ పని హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ఆవరణ నుంచే నడుస్తుంది. ఎండను తట్టుకునే మొక్కజొన్న మీద దక్షిణాసియా ప్రాజెక్టు 2012లో మొదలైంది, ఆ పనిలోంచి వచ్చిన లైన్లూ ఉన్నాయి. మొదట్లో చెప్పిన విద్యార్థి వెతుకుతున్నది బహుశా బస్సెక్కితే చేరేంత దూరంలోనే ఉంది.

దగ్గరి చుట్టమే అయినా చూసుకోవాల్సినవి ఉన్నాయి. మొదటిది గింజ రంగు. మెక్సికోలో, తూర్పు, దక్షిణ ఆఫ్రికాలో జనం తినేది తెల్ల మొక్కజొన్న, అందుకే సీఎంఎల్ లైన్లలో తెల్లవి చాలా. మన దగ్గర మక్కల్లో పెద్ద వాటా కోళ్ల దాణాకు పోతుంది, మార్కెట్ యార్డులో వ్యాపారి చూసేది నారింజ ఛాయ, గట్టి గింజ. లైను ఎంత గొప్పదైనా తెల్లదైతే దాన్ని పసుపుకు మార్చే సీజన్లు కూడా మీ లెక్కలో పడాలి. రెండోది గోత్రం. సిమిట్ లైన్లకు ఏ, బి అని గ్రూపులిచ్చినా, మీ లైన్లతో అవి అచ్చంగా ఆ లెక్కలోనే నడుస్తాయన్న భరోసా లేదు.

ఉష్ణమండలంలో లైన్ల ఇచ్చిపుచ్చుకోళ్లు ఎంత దూరం పనిచేస్తాయో చెప్పడానికి నాకిష్టమైన ఉదాహరణ థాయిలాండ్‌ది. అక్కడి కసెట్‌సార్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎక్కువగా కరీబియన్ దీవుల మూలాలతో, మొత్తం 36 రకాల విత్తనంతో ఒక కాంపోజిట్ చేశారు. బూజు తెగులు నిరోధం కోసం దానికి ఫిలిప్పీన్స్ రకాలను కలిపారు. అలా వచ్చిన సువాన్-1 విడుదలైంది 1975లో. బూజు తెగులున్న చాలా దేశాలు దాన్ని వాడుకున్నాయి. తర్వాత 2011లో కెన్యాలో రెండు వైరస్‌లు కలిసి చేలను నిలువునా ఎండగొట్టే లీథల్ నెక్రోసిస్ తెగులు బయటపడింది. వేల లైన్లను వడపోస్తే గట్టిగా నిలిచినవాటిలో కెఎస్23 వరస ఒకటి. దాని పుట్టిల్లు కూడా థాయిలాండే. ఆఫ్రికా తెగులుకు ఆసియా లైను మందవుతుందని ముందుగా ఎవరు చెప్పగలరు? వడపోత ఎంత పెద్దదైతే అంత మేలనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

చలిదేశాల లైన్లు: మెరుపు ఎక్కువ, మోసమూ ఎక్కువే

అమెరికాలో కంపెనీల లైన్లకు ఉండే చట్టరక్షణ సుమారు 20 ఏళ్లలో తీరిపోతుంది. ఆ తర్వాత అయోవాలోని ఏమ్స్ పట్టణపు జన్యు బ్యాంకు ద్వారా అవి అందరికీ అందుబాటులోకి వస్తాయి. ఒకప్పుడు కోట్ల వ్యాపారం చేసిన హైబ్రిడ్ల తల్లిదండ్రులు మన చేతికి రావడమంటే ఎవరికి ఆశ పుట్టదు? గట్టి కాండం, నిటారు ఆకులు, నడుం దగ్గరే కండె, పంట పండగానే గింజ త్వరగా ఆరడం, ఒత్తుగా విత్తినా తట్టుకోవడం: మన ఉష్ణమండల లైన్లలో కొరవడే గుణాలన్నీ వాటిలో ఉన్నాయి.

మేమూ ఆశపడే ఒకసారి కొన్ని వేశాం. మొక్క నడుం ఎత్తు కాకముందే మగ పూత వచ్చేసింది. మిగిలిన ఆకుల్ని టర్సికం ఆకుమాడు తెగులు తినేసింది, కాండం కుళ్లు మిగతాది చూసుకుంది. కోసిన విత్తనం పిడికెడు. లైన్ల తప్పేం లేదు. పొడుగు పగళ్లలో పూయడానికి తయారైన మొక్క, మన పొట్టి పగళ్లలో తొందరపడి పూసేసింది. ఇటువైపు మొక్కను అటు పట్టుకెళ్తే కథ తిరగబడుతుంది: మెక్సికో రకాన్ని అయోవాలో వేస్తే తాడిచెట్టులా పెరుగుతూనే ఉంటుంది, మంచు పడేదాకా పూయదు.

ఈ ఇబ్బందితో అమెరికావాళ్లు ఎలా వేగారో చూస్తే మనకు ఒక కొలత దొరుకుతుంది. 1987లో మొదలైన లాటిన్ అమెరికా మొక్కజొన్న ప్రాజెక్టులో 12 దేశాలు కలిసి సుమారు 12,000 నమూనాలను పరీక్షించాయి. దాని మీద కట్టిందే అమెరికాలోని జెమ్ (మొక్కజొన్నలో జన్యు వైవిధ్యం పెంచే) ప్రాజెక్టు. అందులో పద్ధతి ఇది: విదేశీ రకాన్ని ముందు ఒక కంపెనీ సొంత లైనుతో కలుపుతారు, వచ్చినదాన్ని ఇంకో కంపెనీ సొంత లైనుతో కలుపుతారు. మిగిలే విదేశీ వాటా 25 శాతం. (పోటీ కంపెనీలు తమ గుట్టు లైన్లను ఒకే కుండలో పోయడానికి ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.) అయోవా చలికి పావు వంతే భరించదగ్గది. కాస్త వెచ్చగా, సీజన్ పొడుగ్గా ఉండే నార్త్ కరోలినాలో సగం వాటాతోనూ లైన్లు తీశారు.

మన లెక్క కూడా అలాగే ఉండాలి. కాండం గట్టిదనం, నిటారు ఆకుల కోసం చలిదేశపు లైను తెస్తే సగం దగ్గర మొదలుపెట్టి, తెగుళ్లు తట్టుకోకపోతే మన లైనుతో ఇంకోసారి కలిపి పావుకు దించండి. వరి కోశాక దున్నకుండా వేసే కోస్తా రబీ మొక్కజొన్నకు, నీరు, ఎరువు పుష్కలంగా ఉన్నచోట, ఈ గుణాలకు విలువ ఎక్కువ. వానాకాలంలో మెట్ట చేలలో వేసే మక్కకు అంత ఆర్భాటం దండగ.

ఒక్క జన్యువు కోసమైతే

కావలసింది ఒకే ఒక్క జన్యువైతే ఎంపిక సులువనిపిస్తుంది. దాత ఎవరైనా సరే, బిడ్డను మీ లైనుతోనే మళ్లీ మళ్లీ కలిపే నాలుగైదు బ్యాక్‌క్రాసులు చేసి, మార్కరుతో (జన్యువు ఉనికి చూపే డీఎన్ఏ గుర్తుతో) పట్టుకుని మీ లైనులో పెట్టేయవచ్చు. చెప్పినంత తేలిక కాదని ఓపేక్-2 కథ నేర్పింది.

1964లో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో మెర్ట్జ్, బేట్స్, నెల్సన్ ఓపేక్-2 మార్పు ఉన్న గింజలో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లాలు బాగా ఎక్కువని కనిపెట్టారు. పేదవాడి మొక్కజొన్న పాలతో సమానమవుతుందని అందరూ సంబరపడ్డారు. మన దేశంలో 1971లో శక్తి, రతన్, ప్రొటీనా అనే కాంపోజిట్లు వచ్చాయి. రైతు ఒప్పుకోలేదు. గింజ సుద్దముక్కలా మెత్తన, తూకం తక్కువ, పురుగు వెంటనే పట్టేది. జన్యువు మంచిదే, వెంట తెచ్చిన సామాను మంచిది కాదు.

దీన్ని దారికి తెచ్చింది సిమిట్‌లో సురీందర్ వాసల్, ఎవాంజెలీనా విల్లెగాస్. ఓపేక్-2 ఉన్నా గింజ గట్టిపడేలా చేసే చిన్న చిన్న జన్యువుల్ని రకరకాల మూలాల్లోంచి ఏళ్ల తరబడి పోగుచేశారు. ఆయన గింజ చూసేవాడు, ఆవిడ ల్యాబులో ప్రొటీన్ చూసేది. 2000లో ఇద్దరికీ ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. అల్మోరా కేంద్రం మార్కర్ల సాయంతో చేసిన వివేక్ క్యూపీఎం (మేలి ప్రొటీన్ మొక్కజొన్న) 9 మన రైతుకు అందింది 2008లో. దాని మీదే విటమిన్ ఏ గుణం చేర్చి, 2017లో పూసా వివేక్ క్యూపీఎం 9 ఇంప్రూవ్డ్ తెచ్చారు. ఆ విటమిన్ గుణానికి కీలకమైన సీఆర్‌టీఆర్‌బీ1 అనే జన్యువు మేలి రూపం ఉష్ణమండల విత్తనంలో లేదు, చలిదేశాల లైన్లలో అరుదుగా ఉంది. మొత్తం లైనుగా తెస్తే చతికిలబడే చలిదేశపు విత్తనం, ఒక్క జన్యువు దాతగా ఎంతో పనికొచ్చింది.

అందుకే ఒకే జన్యువు తెచ్చేటప్పుడు దాత ఊరు కన్నా, ఆ జన్యువు మీ లైనులో కుదురుకోవడానికి తోడెవరు కావాలో ముందు చూడండి.

నాటు రకాలు

మనసు లాగేది ఇక్కడే, కాలం తినేదీ ఇదే. మెక్సికోలో వహాకా కొండల్లోని సియెర్రా మీషే నాటు రకం గాలిలో వేలాడే వేళ్ల నుంచి జిగురు కారుస్తుంది. ఆ జిగురులోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. మొక్క నత్రజనిలో 29 నుంచి 82 శాతం దాకా ఇలా గాలి నుంచే వస్తోందని 2018లో ప్రచురించారు. యూరియా బస్తా కోసం క్యూలో నిలబడ్డ ఎవరికైనా ఇది చదివితే నిద్ర పట్టదు. కానీ ఆ మొక్క ఆకాశమంత ఎత్తు, పంటకాలం చాలా దీర్ఘం. అలాంటి గుణం ఒక్క జన్యువుతో కదిలి రాదు.

మన సిక్కిం ప్రిమిటివ్‌ అయితే మొక్కకు ఐదు నుంచి తొమ్మిది దాకా బుల్లి కండెలు వేస్తుంది. కండెల సంఖ్య పెంచాలనుకునే బేబీకార్న్ బ్రీడర్‌కు అది బంగారమే, గింజ దిగుబడి కోరేవాడికి బరువు. కరీబియన్‌లోని ఆంటిగ్వా దీవి రకాలు ఆకు తినే పురుగులకు సహజ నిరోధం ఇచ్చాయి. 2018లో కత్తెర పురుగు కర్ణాటకలో కనబడి మన చేలకు పాకిన తర్వాత, కరీబియన్ మూలాలున్న లైన్ల విలువ మళ్లీ పెరిగింది. అయితే గమనించండి, ఆ నిరోధాన్ని నాటు రకం నుంచి లైన్లలోకి వేరేవాళ్లు దశాబ్దాల ముందే తెచ్చిపెట్టారు. మీరు ఆ లైను తెచ్చుకోవచ్చు, దీవి దాకా పోనక్కర్లేదు.

నాటు రకాన్ని స్వపరాగ సంపర్కం చేస్తే ఇన్నాళ్లూ దాగున్న అవలక్షణాలన్నీ బయటపడతాయి: తెల్లబోయిన మొలకలు, గిడసబారిన మొక్కలు, గింజలేని కండెలు. డబుల్డ్ హాప్లాయిడ్ పద్ధతిలో (సగం క్రోమోజోములే ఉన్న హాప్లాయిడ్ మొక్కలో వాటిని రెట్టింపు చేసి, ఒక్కసారిగా శుద్ధ లైను తీయడం) ఆరేడు తరాల పని రెండు సీజన్లలో అవుతుంది, పనికిరాని జన్యువులూ ఒకేసారి బయటికి పోతాయి. కానీ హాప్లాయిడ్ గింజను గుర్తుపట్టే ఊదారంగు చుక్క, రంగును అణిచే జన్యువున్న విత్తనంలో పైకి రాదు. ఉష్ణమండలపు గట్టి గింజ రకాల్లో, నాటు రకాల్లో ఆ జన్యువు తరచుగా ఉంటుంది. డబ్బు కట్టే ముందు పది కండెల మీద పరీక్షించి చూసుకోండి.

ఓపికే ఉంటే నాటు రకం ఎంత మారుతుందో టుష్పెన్యో చెబుతుంది. 15 వరస ఎంపికల్లో దాని ఎత్తు సుమారు 280 సెంటీమీటర్ల నుంచి 180కి దిగింది, పడిపోవడం తగ్గింది, దిగుబడి పెరిగింది. బయటి జన్యువేదీ కలపలేదు. కాకపోతే 15 వరసలంటే ఒక ఉద్యోగి సర్వీసులో పెద్ద ముక్క. ప్రభుత్వ విశ్వవిద్యాలయం చేయదగ్గ పని, మూడేళ్లలో హైబ్రిడ్ చూపించాల్సిన కంపెనీ చేయదగ్గది కాదు.

టియోసింటె గురించి రెండు మాటలే. మెక్సికోలోని బల్సాస్ లోయలో సుమారు 9,000 ఏళ్ల కిందట ఈ గడ్డి నుంచే మొక్కజొన్న పుట్టింది. చైనా శాస్త్రవేత్తలు 2019లో ఆకును నిటారుగా నిలిపే ఒక రూపాన్ని, 2022లో గింజలో ప్రొటీన్ పెంచే టీహెచ్‌పీ9 రూపాన్ని ఇందులోంచి పట్టారు. రెండూ మనిషి ఎంపికలో ఎక్కడో జారిపోయినవే. ఎవరో పట్టి, మొక్కజొన్న లైనులో పెట్టి ఇస్తే తీసుకోండి. మీరే గడ్డి దగ్గరకు వెళ్లకండి.

కాగితాల సంగతి

ఆహార పంటల జన్యు వనరుల అంతర్జాతీయ ఒప్పందంలో మొక్కజొన్న ఉంది, కాబట్టి సిమిట్ విత్తనం ఒక ప్రామాణిక ఒప్పంద పత్రం మీద సంతకంతో వస్తుంది. అదే జాబితా బహువార్షిక టియోసింటె జాతుల్ని మాత్రం బయట ఉంచింది. విదేశం నుంచి ఏ పరిశోధన విత్తనం తేవాలన్నా జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ఎన్‌బీపీజీఆర్ అనుమతి, క్వారంటైన్ తప్పవు. దక్షిణాదికి ఆ పని రాజేంద్రనగర్ కేంద్రంలో జరుగుతుంది. దీనికి ఒక సీజన్ పక్కన పెట్టుకోండి, తొందరపడి లాభం లేదు.

ఎక్కడినుంచి తెచ్చినా, వచ్చిన లైన్లకు గోత్రం తేల్చకుండా లైను పని మొదలుపెట్టవద్దు. మీ రెండు గ్రూపుల నుంచి చెరో టెస్టరు తీసుకుని, కొత్త లైను పుప్పొడిని రెండింటి మీదా వేయండి. ఏ టెస్టరుతో బిడ్డ బాగుంటే, కొత్త లైను ఆ టెస్టరుకు ఎదుటి గ్రూపులో చేరుతుంది. అప్పుడు ఆ గ్రూపులోని మీ మంచి లైనుతోనే దాన్ని కలపాలి. ఈ మెట్టు దాటేసి రెండు గ్రూపుల్నీ కలగలిపేసినవాళ్లు, తర్వాత ఎవరికి ఎవరిని ఇవ్వాలో తెలియక తల పట్టుకోవడం చూశాను.

ఎండ గుణం కోసమే ఇదంతా అయితే, ఆ బిడ్డల్ని ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో విత్తండి. పూత ఏప్రిల్, మే ఎండల్లో పడుతుంది. ఉదయం ఏడింటికల్లా మడిలో ఉండి, మగ పూత కొనలు తెల్లగా ఎండిపోయిన వరసలకు, పుప్పొడి రాలినా పీచు బయటికి రాని వరసలకు ఎర్ర దారం కట్టుకుంటూ రండి. కోతనాడు ఆ దారాలున్న వరసల జోలికి పోవద్దు, వాటి తల్లి ఏ దేశం నుంచి వచ్చినా సరే.